రాట్నంలో నడికట్టు

డ్యూటీ 1

రాట్నం వార్డులో ఇదివరకు ఎవరూ డ్యూటీ చేయలేదు. అందుకే చూసిందల్లా రాసి పెట్టమన్నారు రూతమ్మ సిస్టర్. "జ్వరం, నాడి, బీపీ మిషను రాస్తుంది. మిషను రాయనిది నువ్వు రాయాలి పైడితల్లీ. రేపు నీ వెనక వచ్చే పిల్లలు చదువుకుంటారు," అన్నారు. మా ఇంట్లో బడి మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే. నా రాత ఇంకొకరు చదువుకుంటారంటే సిగ్గుగానూ ఉంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలనీ ఉంది.

మొదట రాయాల్సింది: ఇక్కడ నీళ్ళు కిందికి పడతాయి.

బయట సొరంగాల్లో తడిగుడ్డ పిండితే నీరు వేళ్ళకు బంకలా పట్టుకుంటుంది, దులిపితే ముత్యాల్లా తేలుతూ పోతుంది. ఇక్కడ పిండగానే బొటబొటా బేసిన్‌లో పడింది. ఉలిక్కిపడి బేసిన్ వదిలేశాను. అది నా పాదం మీద పడింది. అదీ కిందికే.

"పర్నేదు నర్సమ్మా, నాను సూడనేదు," అన్నాడు మంచం మీద అసిరయ్య, నవ్వు ఆపుకుంటూ.

రాట్నానికి ఇతనే మొదటి పేషెంటు. నాలుగో సొరంగంలో మంచు కోస్తాడు. తేలి వస్తున్న దిమ్మకూ గోడకూ మధ్య నలిగి తుంటి విరిగింది. డాక్టరు ఉమాపతిగారు లోపల మేకులు వేసి బిగించారు. కానీ ఈ మంచుగోళం మీద మనిషికి బరువు లేదు, బరువు లేని ఎముక అతుక్కోదు. అందుకే పెద్ద గుహలో ఈ గుండ్రటి గది కట్టారు. అది గిర్రున తిరుగుతుంటే లోపల ఉన్నవాళ్ళకు నేల మీద, అంటే భూమ్మీద, మన పెద్దలకుండిన బరువులో సగం వస్తుంది. మాకు ఆ సగమే ఎక్కువ. ఒక పూట ఉండి బయటికి వస్తే మోకాళ్ళు కట్టెల్లా బిగుసుకుపోతాయి.

అసిరయ్య భార్య దాలమ్మ లోపలికి పాకుతూ వచ్చింది, నిలబడలేక. వచ్చీ రాగానే మొగుడికి నడికట్టు కట్టింది. 

"బిగించు, బిగించు. శనిగ్రహం మీదకి ఎగిరిపోతానేటో," అన్నాడతను.

"నోర్మూసుకో. ఇక్కడ ఎగిరిపోనేవు గానీ జారిపోతన్నావు," అని ఇంకో చుట్టు బిగించింది.

నడికట్టు గురించి మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. అయినా అన్నీ రాయమన్నారు కనుక రాస్తున్నాను. మన దగ్గర మంచాన పడ్డ మనిషికి కట్టు లేకపోతే ఒక్క దగ్గుకే వెళ్ళి పైకప్పుకు కొట్టుకుంటాడు. అందుకని ఇంటివాళ్ళు నడుముకు గుడ్డ చుట్టి మంచానికి ముడి వేస్తారు. కట్టిన చేయే విప్పాలి. మనిషి లేచి తిరిగినప్పుడు విప్పాలి, లేదా మనిషి పోయాక విప్పాలి. మధ్యలో విప్పితే బతికున్నవాణ్ణి వదిలేసినట్టే. ఆస్పత్రివాళ్ళు కూడా ఆ ముడి జోలికి పోరు.

డ్యూటీ 4

రాట్నంలో పనులు వేరుగా ఉంటాయని అర్థమవుతోంది. అన్నం తినిపించేటప్పుడు తలవైపు ఎత్తితే ముద్ద తనంతట తనే గొంతులోకి దిగుతుంది. మూత్రానికి గొట్టం అక్కరలేదు, బెడ్‌పాన్ పెడితే చాలు. నోరు కడిగి నీళ్ళు ఉమ్మమంటే ఉమ్మి గిన్నెలోనే పడుతుంది. ఇవన్నీ సుఖాలు.

కష్టం ఒళ్ళు తుడవడంలో ఉంది. బయటైతే నడికట్టు ఉన్నా మనిషి పరుపుకు ఆనుకోడు. వీపు కిందికి చేయి పోనిచ్చి ఎంచక్కా తుడిచేయొచ్చు. ఇక్కడ చేయి దూరడం లేదు. ఎదురుగా కనబడినంత మేరా తుడిచి వదిలేశాను. రూతమ్మ సిస్టర్‌ను అడిగితే, "వీపుకి మట్టి ఎక్కడ అంటుతుంది, పడుకునే ఉన్నాడుగా," అన్నారు. 

తలవైపు ఎత్తినప్పుడల్లా అతను కాళ్ళవైపు జారుతున్నాడు. దాలమ్మ కట్టు మీద కట్టు బిగిస్తోంది.

మడమలు రెండూ ఎర్రబడ్డాయి. కొత్త దుప్పటి పడలేదని సిస్టర్ అనుమానం. దుప్పటి మార్చి, మడమలకు నూనె పట్టించి గట్టిగా మర్దనా చేశాను. 

ఇంటికెళ్ళి చెబితే అమ్మ ముక్కు విరిచింది. "అన్నేళ్ళు బడికెళ్ళి ఒళ్ళు తుడవడం, నూని రాయడం నేర్సుకున్నావా? నీకు నాను రాయనేదేటి?"

"నువ్వు నాకొక్కదానికే రాశావు. నేను ఎవరికైనా రాస్తాను," అన్నాను. 

"అయితే నీకు శని పట్టినట్టే."

"శని చుట్టూ తిరుగుతూ ఆ మాటంటావేంటమ్మా!"

"అదీ నిజివే," అని అమ్మ నవ్వింది. 

డ్యూటీ 7

మడమల ఎరుపు తగ్గలేదు. నల్లబడుతోంది. మర్దనా చేసినచోటే ఎక్కువగా ఉంది.

నా ముంజేతిని వేలితో నొక్కి వదిలాను. తెల్లబడి, వెంటనే రంగు తిరిగి వచ్చింది. అతని మడమ మీద నొక్కాను. తెల్లబడదు, మారదు. అలాగే ఉంది. 

ఇంకొకటి గమనించాను. దుప్పటి ఒళ్ళంతటికీ తగులుతుంది కదా. పిక్కలకు ఎరుపు లేదు. తొడలకు లేదు. మడమలకు ఉంది, మోచేతులకు ఉంది, తలగడ ఆనేచోట తలవెనక ఉంది. ఎముక పైకి తేలి ఉన్నచోటల్లా ఉంది. దుప్పటికి ఎముకలు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

"వీపు నొప్పిగా ఉందా మావా?" అని అడిగాను.

అసిరయ్య తలుపువైపు చూశాడు. దాలమ్మ లేదని రూఢి చేసుకుని అప్పుడు చెప్పాడు. "ముందు సాలా నొప్పెట్టీది. ఇప్పుడేటీ తెలీట్లేదు. తగ్గిపోయినట్టుంది."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"కట్టులో ఉన్నోడు నొప్పంటే కట్టినోళ్ళని తిట్టినట్టు గాదేటే గుంటా?"

నిజమే. మా తాత కూడా అలాగే పళ్ళు బిగించుకుని పడుకునేవాడు. 

డాక్టరుగారు నేల మీది పెద్దాస్పత్రికి ఉత్తరం తయారు చేశారు. కానీ నేల ఇప్పుడు సూర్యుడి వెనక్కి పోయింది. అది ఇవతలికి వచ్చేదాకా ఇటు మాట అటు పోదు, అటు మాట ఇటు రాదు. ఉత్తరం వరసలో ఉంది. అందులో "దుప్పటి వల్ల వచ్చిన దద్దుర్లు" అని ఉంది.

డ్యూటీ 8

ఈరోజు పొద్దున్న డ్యూటీ ఎక్కేముందు ఒక పని చేశాను. సిస్టర్ కోప్పడినా రాయక తప్పదు.

పక్క మంచం ఖాళీగా ఉంది. దాని మీద వెల్లకిలా పడుకుని నడికట్టు కట్టుకున్నాను. తన కట్టు తాను కట్టుకునేది దిక్కులేనివాళ్ళేనని మా ముసలమ్మ అనేది.

"ఏటి నర్సమ్మా, నాకు తోడు పడీసినావా?" అన్నాడు అసిరయ్య.

"కాసేపు మావా. కబుర్లు చెప్పు."

మంచుకోత కబుర్లు చెప్పాడు. మొదట హాయిగానే ఉంది. పరుపు మెత్తగా ఒళ్ళంతా పట్టుకున్నట్టుంది. కాసేపటికి నడుం కింద, తోక ఎముక దగ్గర, ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు మొదలైంది. తర్వాత మడమలు. తర్వాత అది నొప్పి కాకుండా మంట అయింది. పక్కకు ఒత్తిగిలాలని ఒళ్ళు తనంతట తను అడిగింది. నాకు ఎన్నడూ తెలియని కోరిక అది. బయట ఎలా పడుకుంటే అలాగే తెల్లారుతుంది. కదలాలనిపించదు, అవసరం రాదు. ఇక్కడ తిరగబోతే కట్టు తిరగనివ్వలేదు. 

అప్పుడు అర్థమైంది. మమ్మల్ని బయటినుంచి ఏదీ నొక్కడం లేదు. మా బరువే మా చర్మాన్ని ఎముకకూ పరుపుకూ మధ్య పెట్టి నలుపుతోంది. అసిరయ్యను ఆ దిమ్మ నలిపినట్టే, నెమ్మదిగా. ఎగిరిపోతాడని కట్టే కట్టును, ఎగరడానికి వీల్లేని చోట, ఇంకా బిగించి కట్టాం. 

ముడి విప్పుకుని లేచి చూసుకుంటే నా మడమ ఎర్రగా ఉంది. కానీ కాసేపటికి ఆ ఎరుపు పోయింది. నేను లేచాను కాబట్టి.

డ్యూటీ 9

అసిరయ్యకు జ్వరం. నడికట్టు అంచున దుప్పటి మీద పసుపుపచ్చ తడి. దగ్గరికి వెళితే వాసన.

సిస్టర్‌కూ డాక్టరుగారికీ నిన్నటి సంగతి చెప్పాను. డాక్టరుగారు నన్ను మళ్ళీ మళ్ళీ ప్రశ్నలు అడిగారు, కోపంతో కాదు. తర్వాత తను కూడా ఆ మంచం మీద పడుకున్నారు. లేచాక తన మడమలు తనే నొక్కి చూసుకున్నారు.

"రాట్నం ఆపేస్తే పుండు మానుతుంది. తుంటి మానదు. జన్మలో నిలబడలేడు," అన్నారు చివరికి. "ఆపకపోతే ఈ చీము రక్తంలోకి పోతుంది. ప్రాణమే పోతుంది. రేపటికి జ్వరం తగ్గకపోతే ఆపేస్తాను."

"తిప్పితే సార్?" అన్నాను. "ఇటు కాసేపు, అటు కాసేపు. ఒకేచోట బరువు పడకుండా."

"తిప్పాలంటే కట్టు విప్పాలి," అన్నారు రూతమ్మ సిస్టర్. ముగ్గురం దాలమ్మ వైపు చూశాం. 

దాలమ్మ గోడకు చేరబడి కూర్చుని ఉంది. అంతా వింది.

"ఇప్పమంటావేటి?" అంది. "నా మొగుడు ఊపిరి తీస్తండగా కట్టు ఇప్పమంటావేటే గుంటా? నాలుగు అచ్చరాలు వొచ్చీసరికి ఏదైనా అనీడమేనా? మీ తాతకైతే ఇప్పుదువా?"

నాకు బడి మాట పోయి ఇంటి మాట వచ్చేసింది. "ఇప్పమన్నేదత్తా. ముందు ఇలాగొచ్చి సెయ్యి పెట్టి సూడు."

ఆమె చేయి పట్టుకుని అసిరయ్య నడుం కిందికి తోశాను. అరచేయి దూరి, మణికట్టు దగ్గర ఆగిపోయింది. దాలమ్మ మొహం మారింది.

"ఒలమ్మా," అంది. "ఇంత బరువేటి ఈయన!"

పెళ్ళయి ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి. మొగుడి బరువు ఎంతో తెలియడం ఆమెకు అదే మొదలు. మా సొరంగాల్లో ఎవరి బరువూ ఎవరికీ తెలియదు. ఎవరూ ఎవర్నీ మోయరు కదా.

"తీయకత్తా. కాసేపుంచు."

ఉంచింది. అసిరయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమె పెదవి కొరుక్కుంది, భుజం మార్చుకుంది. "వేళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయే. ఇంక ఓపనేను."

"నువ్వు ఓపనేకపోతే లాగీసుకోగలవు. మావ ఎక్కడికి లాక్కుంటాడు?"

దాలమ్మ చేయి లాక్కుంది. వేళ్ళు పాలిపోయాయి, అరచేయి తడిసింది. ఆ తడి చూసింది, వాసన చూసింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"నాకు సెప్పనేదేటి?"

"నువ్వు కట్టిన కట్టు దాలీ. నొప్పని ఎలగంటాను?"

ఆమె తిట్టింది. ఆ తిట్లు రాయను. తిడుతూనే మంచం మీదికి పాకి ఎడంచేయి అతని నడుం మీద అడ్డంగా వేసి అదిమి పట్టుకుంది. 

"నా సెయ్యి ఈయన మీదే ఉంటాది. కట్టున్నట్టే లెక్క," అంది, మాకు కాదు, ఎవరికో. కుడిచేత్తో ముడి విప్పింది. 

అసిరయ్య ఊపిరి బిగపట్టాడు. మేమూ బిగపట్టాం. రూతమ్మ సిస్టర్ మెడలో సిలువ పట్టుకున్నారు. ఏమీ కాలేదు. అతను అక్కడే ఉన్నాడు.

తిప్పిన పద్ధతి రాస్తున్నాను. మోకాళ్ళ మధ్య లావుపాటి తలగడ పెట్టాలి, విరిగిన కాలు రెండోదాని మీదికి జారకుండా. చేతులు గుండె మీద మడవాలి. కింద పరిచిన దుప్పటిని ఇద్దరు రెండుచోట్ల, భుజం దగ్గరా తుంటి దగ్గరా, పట్టుకోవాలి. ఒక్క మాటగా లాగాలి. తల, నడుం, కాలు కలిసి ఒకే దుంగలా తిరగాలి. ముందుగా పేషెంటుకు చెప్పాలి. చెప్పకుండా తిప్పితే పడిపోతున్నానని భయపడతారు. పడడం ఇక్కడ నిజం.

తిరిగాక వీపు కనబడింది. తోక ఎముక మీద అరచేయంత నల్లటి చర్మం, అంచులు విడిపోయి లోపల పచ్చగా. నేను కళ్ళు తిప్పుకున్నాను. 

"చూడు," అన్నారు రూతమ్మ సిస్టర్. "దుప్పటి దుప్పటి అన్నది నేనే. ఇద్దరం చూద్దాం. ఎంత పొడుగు, ఎంత లోతు, ఏ రంగు, రాయి."

కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడిగాం. డాక్టరుగారు చచ్చిన చర్మం కోసి తీశారు. దాలమ్మ చేయి తీయలేదు. గుడ్డ తెచ్చి ఆ చేతి కిందినుంచే వదులుగా, పక్కవాటంగా అతనికి కొత్త కట్టు కట్టింది.

డ్యూటీ 10

జ్వరం కొంచెం తగ్గింది. డాక్టరుగారు రాట్నం ఆపలేదు. ఇంకో రోజు చూస్తానన్నారు. 

కొత్త చిక్కు వచ్చింది. కట్టిన చేయే విప్పాలి. తిప్పాల్సినప్పుడల్లా దాలమ్మ ఉండాలి. కానీ ఆమె పొద్దుటినుంచీ బరువులోనే ఉండి మోకాళ్ళు బుడగల్లా పొంగాయి. వెళ్ళమంటే వెళ్ళదు.

దారి ఆమే చెప్పింది. "మా తోటికోడల్ని పిలు. అది తన కట్టు కట్టినాక నా కట్టు నానిప్పుకుని పోతాను. మళ్ళీ తిప్పీ ఏలకి ఇంకొకర్తి వొచ్చి కడతాది, అప్పుడిది ఇప్పుకుంటాది. ఈయన ఒక్క చణం కూడా కట్టు నేకుండా ఉండడు. పెద్దల మాటా దాటినట్టు గాదు." 

రూతమ్మ సిస్టర్ వెంటనే ఒప్పుకున్నారు. "మనం డ్యూటీ అప్పగించుకునేది కూడా ఇలాగేగా," అన్నారు నాతో. 

డ్యూటీ 16

నాలుగో సొరంగం ఆడవాళ్ళంతా వంతులు వేసుకున్నారు. పాకుతూ వస్తారు. కొత్త ముడి వదులుగా పడుతుంది, పాత ముడి ఊడుతుంది, మేం దుప్పటి పట్టుకుంటాం, అసిరయ్య తిరుగుతాడు. వీపు, ఎడమ, వీపు, కుడి. పుండు మీద మాత్రం పడుకోబెట్టం. వీపు వంతు వచ్చినప్పుడు తలగడ చెక్కి వాలుగా ఉంచుతాం. పిక్కల కింద తలగడ పెడితే మడమలు గాలిలో ఉంటాయి. మర్దనా మానేశాం.

"పెళ్ళిలో కూడా నాకిన్ని ముడులు పడనేదు," అంటాడు అసిరయ్య.

"పడుంటే బాగుణ్ణు, ఎక్కడికీ కదిలీవోడివి గాదు," అంటుంది వదిన వరసావిడ.

ఈరోజు వంతు మా అమ్మది. చెప్పకుండా వచ్చింది. గడప దగ్గరే కూలబడి, "సదువుకుని నేర్సింది మనిసిని పొర్లించడమన్నమాట," అంది. లేపితే లేచి, ముడి మాత్రం చక్కగా వేసింది. తిప్పడం అయ్యాక నా కాళ్ళు కూడా పని చేయలేదు. అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ నా తల పట్టుకుని తన ఒళ్ళోకి లాక్కుంది.

రెండు చేతులతో నా తల కొంచెం ఎత్తి చూసింది. 

"ఇంత బరువా నీ బుర్ర," అంది. "సదువు బరువు గావాల." 

లేవబోయాను. "ఉండెహె," అంది. అమ్మ తర్వాత వంతు మనిషి వచ్చేదాకా ఉన్నాను.

డ్యూటీ 31

జ్వరం పోయి చాలా రోజులైంది. పుండు అడుగున ఎర్రటి కొత్త కండ, అంచులనుంచి గులాబిరంగు చర్మం లోపలికి వస్తోంది. ఎక్స్‌రే ఫోటోలో తుంటి విరిగినచోట సన్నటి తెల్లగీత పడింది. అది ఎముకేనని డాక్టరుగారు అన్నారు. ఇంకా లేపడానికి లేదు. కానీ రాట్నం ఆగదు. రెండో మంచం రేపు నిండుతుంది, ఆరో సొరంగం పిల్ల.

నేల సూర్యుడి ఇవతలికి వచ్చింది. వరసలో ఉన్న మన ఉత్తరం వెళ్ళింది, జవాబు వచ్చింది. రూతమ్మ సిస్టర్ వార్డులోనే నిలబడి పైకి చదివారు. ఉత్తరంతో పంపిన ఫోటో చూస్తే దద్దుర్లలా లేవు, ఒత్తిడివల్ల వచ్చే పుండుకు మొదలు. ఫలానా మందు, ఫలానా కట్టు. చివర ఒక్క వాక్యం: "రెండు గంటలకోసారి పక్క మారుస్తూనే ఉంటారు కాబట్టి దాని గురించి వేరే చెప్పనక్కరలేదు."

సిస్టర్ ఆ వాక్యం రెండోసారి చదివారు. 

"సెప్పనక్కర్నేదంట!" అన్నాడు అసిరయ్య. నవ్వడం మొదలుపెట్టాడు. తుంటి లాగి "అమ్మా" అంటూనే నవ్వాడు. దాలమ్మ అతని నోటి మీద చేయి వేసి తనూ నవ్వింది. నాకు మాత్రం కళ్ళనీళ్ళు వచ్చాయి. అవీ కిందికే జారాయి.

నేల మీద ప్రతి నర్సుకూ తెలుసు. అందరికీ తెలిసినది కనుకే ఎవరూ చెప్పలేదు. ఇక్కడ అవసరం లేదు కనుక మా బడిలో ఆ పాఠమే తీసేశారు. మొదటిరోజు నడికట్టు గురించి రాస్తూ, మనవాళ్ళకు చెప్పనక్కరలేదు అని నేనూ రాశాను. ఆ మాట కొట్టేయడం లేదు. అలాగే ఉంచుతున్నాను. నా వెనక వచ్చేవాళ్ళు ముందుగా ఇక్కడ ఏదైనా ఖాళీ మంచం మీద పడుకోండి. ఎవరిచేతనైనా కట్టించుకోండి. ఒళ్ళు తిరగమని అడిగేదాకా ఉండండి. తర్వాతే మిగతాది చదవండి.

జవాబు రాసే పని డాక్టరుగారు నాకిచ్చారు. "పక్క మారుస్తున్నాం. మార్చినప్పుడల్లా కొత్త నడికట్టు కడుతున్నాం," అని రాశాను. 

"నడికట్టంటే ఏమిటని అడుగుతారు," అన్నారు ఆయన.

అడగనివ్వండి. ఆ ప్రశ్న ఇక్కడికి రావడానికి ఒక పూట పడుతుంది. ఈలోగా మావను ఎడమపక్కకు తిప్పాలి. అమ్మ ముడి వేసేసింది, దాలమ్మత్త తన ముడి విప్పుకుంటోంది.